నీళ్ళు పైనుంచే కిందికి వస్తాయి

“భవనం పరువు పునాదిలో ఉండదు. ముందు హాల్లో ఉంటుంది.”

నివాసుల సంఘం సమావేశంలో అధ్యక్షులవారు ఈ మాట సెలవిచ్చి, అది అందరి చెవుల్లోనూ ఇంకేదాకా కాసేపు ఆగారు. ఆయనకు సోఫాల దుకాణం ఉంది. ముందు హాళ్ళంటే ఆయనకున్న గౌరవం వృత్తిరీత్యా వచ్చింది. పునాది సంగతి ఆ భవనం కట్టినవాడే ఎన్నడూ ఎత్తలేదు గనక, సభలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఆ ముందు హాల్లో, లిఫ్టుకి ఎదురుగా, మనిషి కాళ్ళు చాపుకుని పడుకునేంత గాజు తొట్టి ఒకటి ఉంది. అందులో నారింజ రంగు చేపలు. భవనానికి వచ్చిన ప్రతివాడూ ముందు వాటిని చూసి, ఆ తర్వాతే మనుషుల్ని చూడాలని ఏర్పాటు. తొట్టి కింద చెక్క అలమరలో, తలుపు వెనక దాచిన నల్లటి డబ్బా ఉంది. తొట్టిలో నీళ్ళు ఒక గొట్టంలోంచి ఆ డబ్బాలోకి పోయి, శుభ్రపడి, ఇంకో గొట్టంలోంచి మళ్ళీ తొట్టిలోకి వస్తాయి. అదే ఫిల్టరు. కొన్నాళ్ళుగా అది దగ్గుతోంది. తొట్టి అమర్చిపెట్టినాయన చేపల వ్యాపారం మానేసి సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్నాడు. అప్పటినుంచి ఫోను ఎత్తడం లేదు.

“దాన్ని విప్పి, కడిగి, మళ్ళీ సర్దాలి. అంతే కదా,” అన్నారు అధ్యక్షులవారు. “బయటివాడెందుకు? నీళ్ళ శాఖలో జీవితం ధారపోసిన మనిషి మన మధ్యనే ఉన్నారు.”

తలలన్నీ వెనక వరసవైపు తిరిగాయి. అక్కడ నీళ్ళ ఇంజనీరుగారు కూర్చుని ఉన్నారు.

ఆయన్ని భవనంలో అందరూ అలాగే పిలుస్తారు. ఉద్యోగ విరమణ చేసి ఇక్కడ చేరినప్పటినుంచి నీళ్ళ గురించి ఆయన చెప్పని విషయం లేదు. లిఫ్టులో ఇరుక్కుపోయినవాళ్ళకు కూడా చెప్పారు. ఎవరింట్లో కుళాయి కారినా వచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, కళ్ళు సగం మూసి, “ఊఁ, ఒత్తిడి,” అనేవారు. ఒత్తిడి అన్నాక ఎవరు మాత్రం ఏం చెయ్యగలరు? తర్వాత ప్లంబరు వచ్చి వాషరు మార్చి వెళ్ళేవాడు. పేరు మాత్రం ఇంజనీరుగారికే దక్కేది.

నిజానికి ఆయన సర్వీసంతా నీళ్ళ శాఖవారి గొట్టాల గోదాములో గడిచింది. ఏ సైజు గొట్టం ఏ వరసలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలరు. వాటిలో నీళ్ళుండగా మాత్రం ఎన్నడూ చూడలేదు. ఈ సంగతి ఆ భవనంలో ఆయన భార్య ఒక్కరికే తెలుసు. ఆవిడ ఎవరితోనూ అనలేదు. మొగుడి గొప్ప నలుగురిలో నిలబడితే లిఫ్టు దగ్గర తనకీ నాలుగు నమస్కారాలు దక్కుతాయి కదా.

“నేనా... అంటే...” అని ఇంజనీరుగారు నీళ్ళు నమిలారు. నీళ్ళతో ఆయనకు బాగా చేతనైన పని అదొక్కటే.

“అయ్యో, ఆయనకి ఇంత చిన్న పని చెప్పడం బావుంటుందా?” అంది సంఘం కార్యదర్శి. ఆవిడ కాలేజీలో లెక్కలు చెబుతుంది. అందుకని అందరికీ లెక్కల మేడమ్. “ఊళ్ళకి ఊళ్ళకే నీళ్ళు తాగించిన మనిషి.”

దాంతో తప్పుకునే దారి మూసుకుపోయింది. పెద్ద పని అయితే ఒంట్లో బాగాలేదని చెప్పవచ్చు. చిన్న పని అన్నాక చేతకాదనడం ఎలా?

“ఆదివారం చూద్దాం,” అన్నారు ఇంజనీరుగారు గంభీరంగా.

ఇంటికి వచ్చాక భార్య తలుపు వేసి, గొంతు తగ్గించి అడిగింది. “ఏమండీ, ఆ డబ్బాలో ఏముంటుందో మీకు తెలుసా?”

“నీళ్ళుంటాయి.”

“అది నాకూ తెలుసు.”

“తెలిసినప్పుడు అడగడం దేనికి?”

ఆవిడ కంచం పెట్టింది. అన్నం వడ్డించింది. కానీ ఆదివారం దాకా రోజూ ఆయన్ని అదోలా చూస్తూనే ఉంది.

ఆదివారం ముందు హాలు నిండిపోయింది. కుర్చీలు వేయించారు. ఇంజనీరుగారు చొక్కా చేతులు మడిచి, నేల మీద పాత పేపర్లు పరిపించి, డబ్బా మూత విప్పారు. లోపల ఒకదాని మీద ఒకటి ప్లాస్టిక్ బుట్టలు ఉన్నాయి. టిఫిను కారియరు గిన్నెల్లాగా. ఆయన ఒక్కొక్కటే పైకి తీస్తూ, నాగరికతలన్నీ నదుల పక్కనే ఎందుకు పుట్టాయో వివరించారు. ఉపన్యాసం రక్తి కట్టింది. లెక్కల మేడమ్ తల ఊపుతూ విన్నది. ఆఖరి బుట్ట తీసి, నుదుటి చెమట తుడుచుకుని కిందికి చూసేసరికి, ఏ బుట్ట పైనుంచి వచ్చిందో ఏ బుట్ట అడుగునుంచి వచ్చిందో ఆయనకు గుర్తులేదు. పాపం, అవన్నీ ఒకే అచ్చులో పోసినవి.

ఒకదానిలో గిన్నెలు తోమే పీచులాంటి గరుకు స్పాంజి. ఇంకోదానిలో మెత్తటి తెల్ల దూది. వేరొకదానిలో వలసంచి, అందులో నల్లటి బొగ్గు పలుకులు. మిగిలినదానిలో వేలిగోరంత పింగాణీ ఉంగరాలు. వాటినిండా గోధుమరంగు జిగురు పట్టి ఉంది.

“ఇదీ రోగం,” అన్నారు ఇంజనీరుగారు ఉంగరాలు చూపిస్తూ. సభ అయ్యో అంది. ఆయన వాటిని కుళాయి కింద పెట్టి, బ్రష్షు తెప్పించి, ఒక్కొక్కటీ ముత్యంలా మెరిసేదాకా తోమించారు. తోమింది వాచ్‌మన్. మెచ్చుకోలు ఎవరికి చెందిందో చెప్పక్కర్లేదు.

“మరి ఇప్పుడు ఏది పైన, ఏది కింద?” అని అడిగారు అధ్యక్షులవారు. “దానికో పద్ధతి ఉంటుందనుకుంటాను.”

 ఇంజనీరుగారు బుట్టల్ని మరోసారి కలయజూశారు. అప్పుడాయనకు తనకు తెలిసిన ఒకే ఒక్క జలసూత్రం గుర్తుకొచ్చింది.

“నీళ్ళు పైనుంచే కిందికి వస్తాయి,” అన్నారు. “ప్రపంచంలో ఎక్కడైనా అంతే. కాబట్టి గరుకుది పైన. పెద్ద చెత్త అక్కడ ఆగుతుంది. దాని కింద బొగ్గు. ఆ కింద ఉంగరాలు. అట్టడుగున దూది. ఇంకా మిగిలిన నలుసేదైనా ఉంటే దూదిలో చిక్కుతుంది.”

వినడానికి అది ఎంత సబబుగా ఉందంటే, చెప్పినాయనకే ఆశ్చర్యం వేసింది. బుట్టలు అలాగే సర్ది, మూత బిగించి, స్విచ్చి వేశారు. డబ్బా చిన్నగా గురక పెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన భార్య కూడా కొట్టింది. అందరికన్నా ముందు ఆపేసింది కూడా ఆవిడే.

ఆ వారం తిరక్కుండానే తొట్టిలో నీళ్ళు పాలగిన్నె కడిగిన నీళ్ళలా తెల్లబడ్డాయి. చేపలు మంచులో లాంతర్లలాగా ఒకసారి కనిపించి ఒకసారి మాయమయ్యేవి.

మామూలుగా అయితే ఎవరో ఒకరు నీళ్ళు పాడయ్యాయనేవారు. కానీ నీళ్ళ ఇంజనీరు స్వహస్తాలతో సర్దిన ఫిల్టరులోంచి వచ్చే నీళ్ళను పాడయ్యాయనడానికి నోరెలా వస్తుంది? అంటే తనకు నీళ్ళ గురించి తెలియదని తేలిపోదూ? అధ్యక్షులవారు దుకాణానికి వెళ్తూ తొట్టి ముందు ఆగి, కళ్ళజోడు సర్దుకుని, “కొత్త కళ వచ్చింది,” అన్నారు.

“పెద్ద హోటళ్ళలో ఇలాగే ఉంటాయండీ,” అంది లెక్కల మేడమ్. “మరీ తేటగా ఉంటే చేపలు మొహమాటపడతాయి.”

ఇద్దరూ ఇంజనీరుగారి వంక చూశారు. “ఇది మధ్యదశ,” అన్నారాయన. ఏ రెండింటికి మధ్యో ఎవరూ అడగలేదు.

మర్నాటి ఉదయం ఆయన వాహ్యాళికి దిగేసరికి తొట్టిలో ఒక చేప వెల్లకిలా తేలి ఉంది. చుట్టూ చూశారు. వాచ్‌మన్ గేటు దగ్గర ఉన్నాడు. గబగబా చెయ్యి ముంచి చేపను తీసి జేబురుమాలులో చుట్టారు. అరచేతిలో అది చల్లగా, ఏమీ బరువు లేకుండా ఉంది. నిన్న సాయంత్రం ఇది తనను చూసి గాజు దగ్గరకు వచ్చింది. మేత వేస్తారేమోనని వచ్చి ఉంటుంది. ఆయనకు ఎందుకో కళ్ళు చెమర్చాయి. తన సర్వీసంతటిలో ఆయన నిర్వాకం వల్ల ఏదీ చావలేదు. గొట్టాలకు ప్రాణం ఉండదు కదా.

చేపను తెచ్చి బాల్కనీలో పూలకుండీలో పాతిపెడుతుంటే భార్య చూసింది.

“ఏమిటండీ అది?”

“ఎరువు.”

ఆవిడ మట్టి చూసింది, ఆయన మొహం చూసింది, లోపలికి వెళ్ళిపోయింది.

పక్క వీధిలో చేపల దుకాణం తెరిచేదాకా ఆయన అక్కడక్కడే తచ్చాడి, అదే రంగు, అదే వయసు చేపను ప్లాస్టిక్ సంచిలో తెచ్చి, లిఫ్టు దగ్గర ఎవరూ లేనప్పుడు తొట్టిలో వదిలారు. పరువు దక్కింది. రెండు రోజులు పోయాక ఇంకోటి తేలింది. మళ్ళీ రుమాలు, మళ్ళీ కుండీ, మళ్ళీ దుకాణం. కుండీలో మొక్కలు ఏపుగా ఎదిగాయి.

ఇక్కడొక వింత జరిగింది. చచ్చిన చేపకు బదులు చేపను తెస్తున్నది ఆయనే. ఒకటి పోతే ఒకటి. కానీ తొట్టిలో చేపలు పెరుగుతున్నాయి. మొదట తన కళ్ళజోడును అనుమానించారు. తర్వాత వాటినే మళ్ళీ మళ్ళీ లెక్కపెడుతున్నానేమో అనుకున్నారు. ఇంతలో ఒక సాయంత్రం అధ్యక్షులవారు లిఫ్టు దగ్గర పదిమందిని పోగేసి శుభవార్త ప్రకటించారు. మన తొట్టిలో చేపలు పిల్లలు పెట్టాయి.

“పుట్టగానే తల్లంత ఉన్నాయే,” అని ఎవరో సందేహించారు.

“ఫిల్టరు అలా అమిరింది,” అన్నారు అధ్యక్షులవారు. “నీళ్ళలో బలం ఉంది.”

అందరూ ఇంజనీరుగారికి చేతులు కలిపారు. ఆయన ఇంటికి వచ్చి కుర్చీలో కూలబడ్డారు. చచ్చినవాళ్ళు తన కుండీలో ఉన్నారు. పెరిగినవాళ్ళు తొట్టిలో ఉన్నారు. అయితే మనిషి మనసు చిత్రమైనది. పదిమంది పదిసార్లు చేతులు కలిపేసరికి, ఏమో, నిజంగానే తన చేతిలో ఏదో ఉందేమోనని కూడా ఆయనకు అనిపించసాగింది. గోదాములో వేసి ప్రభుత్వం ఒక మహానిపుణుణ్ణి వృథా చేసుకుందేమో.

ఈ అభిప్రాయం ఆయనకు తర్వాతి చేప చచ్చేదాకా ఉంది.

ఆ రోజు ఆయన రుమాలు పని ముగించి దుకాణానికి వెళ్ళేసరికి, గల్లా దగ్గర ఒక వెడల్పాటి వీపు కనిపించింది. తెలిసిన వీపు. అది ఇటు తిరిగింది. అధ్యక్షులవారు. ఆయన చేతిలో గాలి నింపిన ప్లాస్టిక్ సంచి, అందులో నారింజ రంగు చేప.

“మా మనవరాలికి,” అన్నారు అధ్యక్షులవారు, ఎవరూ అడక్కముందే. “ముచ్చట పడింది. మరి తమరు?”

“ఊరికే,” అన్నారు ఇంజనీరుగారు. “గాలి మార్పుకి.”

“ఇక్కడ గాలి బావుంటుంది,” అని ఒప్పుకున్నారు అధ్యక్షులవారు. చేపల దుకాణంలో గాలి ఎలా ఉంటుందో ఇద్దరికీ తెలుసు.

అంతలో మేత పొట్లాల బీరువా వెనకనుంచి టప్పు టప్పుమని చప్పుడైంది. ఇద్దరూ అటు చూశారు. అక్కడ లెక్కల మేడమ్ గోడకు అతుక్కుని నిలబడి ఉంది. ఆవిడ భుజానున్న చేతిసంచిలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

“మేడమ్, సంచి ముడి ఊడినట్టుంది,” అన్నాడు దుకాణదారుడు. “ఇటివ్వండి, ఇంకో సంచిలో వేసిస్తాను. పోయినసారి కూడా ఇంతే చేశారు.”

ముగ్గురూ తేలుకుట్టిన దొంగల్లా నిలబడ్డారు. ఎవరూ ఏమీ ఒప్పుకోలేదు. ఎండలు ముదురుతున్నాయన్నారు. ఔను, పోయినేడు ఇంత లేదనుకున్నారు. కానీ ఇంజనీరుగారికి లెక్క తేలిపోయింది. తెల్లవారగానే చచ్చిన చేపను తను తీసేస్తాడు. చేపల దుకాణం తెరవడానికి ఇంకా చాలా పొద్దుంటుంది. ఈలోగా తమ సోఫాల దుకాణానికి వెళ్తూ అధ్యక్షులవారు చూస్తే ఒక చేప తక్కువ. ముందు హాలు పరువు తనదే గనక ఆయన ఒకటి తెస్తారు. కాలేజీకి వెళ్తూ లెక్కల మేడమ్ చూస్తే ఒక చేప తక్కువ. లెక్క తప్పడం ఆవిడ సహించలేదు గనక ఆవిడా ఒకటి తెస్తుంది. తనెలాగూ తెస్తాడు. ఒక్క చావుకి మూడు జననాలు.

వాళ్ళిద్దరూ చెరో సంచీ పట్టుకుని చెరో వీధిలోంచి ఇంటికి బయల్దేరారు. ఇంజనీరుగారు మాత్రం కదల్లేదు.

“మీకూ అదేనా సార్?” అన్నాడు దుకాణదారుడు వల చేతిలోకి తీసుకుంటూ.

ఆయన జేబులోంచి తీసిన డబ్బు మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. తర్వాత మెల్లగా అన్నారు. “చేపలు ఎందుకు చస్తున్నాయో నాకు తెలియదు. మీకు తెలిస్తే చెప్పండి.”

ఆ మాట నోట్లోంచి రావడానికి ఆయనకు పన్ను పీకించుకున్నంత కష్టమైంది. వచ్చాక అంత సుఖంగానూ ఉంది.

దుకాణదారుడు వల పక్కన పెట్టాడు. “చెబితే నా బేరం పోతుంది. కానీ మీరొక్కరే అడిగారు సార్. మిగతావాళ్ళందరూ ఇంకోటివ్వమంటారు. ఫిల్టరు కడిగారా?”

“కడిగాం.”

“ఉంగరాలు కూడానా?”

“ముత్యాల్లా మెరిసేలా.”

“అయితే చేపల్ని మీరే చంపారు,” అన్నాడు దుకాణదారుడు, బిల్లు చెప్పినంత మామూలుగా. “ఆ గోధుమరంగు జిగురే మీ కాపలాదారు. చేపలు వదిలే విషాన్ని అదే తింటుంది. దాన్ని కుళాయి కింద పెట్టి తోమేస్తే ఇంకేముంది? తొట్టి నీళ్ళలోనే ఒక్కసారి జాడించి పెట్టెయ్యాలి. రోజూ కాసిని నీళ్ళు మారుస్తూ ఉండండి, మళ్ళీ అదే పడుతుంది.”

“మరి ఏది పైన, ఏది కింద?”

“అది డబ్బా డబ్బాకీ తేడా. మీది నేను చూళ్ళేదు.”

ఆ మధ్యాహ్నం భవనమంతా భోంచేసి కునుకు తీస్తుండగా ఇంజనీరుగారు బకెట్టు పట్టుకుని కిందికి దిగారు. వెనకే భార్య కూడా వచ్చింది, టార్చిలైటుతో. రమ్మని ఆయన అడగలేదు. ఎందుకని ఆవిడా అడగలేదు.

మూత తీశారు. పైనున్న గరుకు స్పాంజి కొత్త పెళ్ళికూతురి చీరలా ఉంది. మచ్చలేదు. ఒక్కొక్క బుట్టే తీస్తూ అడుక్కి వచ్చేసరికి, తెల్లటి దూది నల్లగా, గట్టిగా, తడిసిన కంబళిలా తయారై ఉంది. దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని ఆయన నేల మీద చతికిలబడ్డారు.

“ఏమైందండీ?”

“చెత్త ముందు ఇక్కడికొచ్చింది,” అన్నారాయన. “చెత్త ఎక్కడికి ముందొస్తే నీళ్ళూ అక్కడికే ముందొచ్చినట్టు.” డబ్బాలో వేలు పెట్టి తడిమారు. బుట్టల పక్కన, డబ్బా గోడ వెంబడి సన్నటి సందు ఉంది. పైనుంచి వచ్చే గొట్టం తిన్నగా ఆ సందులోకి దిగుతోంది. “చూడు, నీళ్ళు ఈ పక్కనుంచి జారి అడుక్కి పోతున్నాయి. అక్కడినుంచి బుట్టల్లోంచి పైకెక్కుతున్నాయి.”

“అంటే కిందనుంచి పైకా?”

“ఈ డబ్బాలో అంతే.”

“ఇన్నాళ్ళూ మీకు తెలియదా?”

“తెలియదు.”

ఆవిడ కంగారుగా వెనక్కి తిరిగి, ఎవరైనా విన్నారేమోనని చూసింది. వాచ్‌మన్ కుర్చీలో నిద్రపోతున్నాడు.

గరుకుది అడుగున, దాని మీద ఉంగరాలు, ఆపైన బొగ్గు, అన్నిటికన్నా పైన కొత్త దూది. ఉంగరాలకు అప్పుడే పలచగా జిగురు పడుతోంది. ఇంజనీరుగారు వాటిని పసిపిల్లకు స్నానం చేయించినట్టు తొట్టి నీళ్ళలో ఒక్కసారి ముంచి పెట్టేశారు. మూత బిగించి స్విచ్చి వేస్తే ఈసారి గురక వినపడలేదు. నీళ్ళు గలగలమని వచ్చాయి. ఆయన అక్కడే కూర్చుని ఆ ధారను చూశారు. గొట్టంలోంచి నీళ్ళు వస్తుంటే దగ్గరగా కూర్చుని చూడటం ఆయనకదే మొదలు. ఉద్యోగంలో ఉండగా ఒక్కసారైనా గోదాము దాటి వెళ్ళి ఉండాల్సింది అనిపించింది.

రోజూ కాసిని నీళ్ళు మారుస్తూ వచ్చారు. మెల్లమెల్లగా తెలుపు విరిగింది. ఒకనాటికి తొట్టి అవతలి గోడ మీద బల్లి కూడా కనిపించేంత తేటగా అయింది. చేపలు చావడం మానేశాయి.

ఎవరూ సంతోషించలేదు.

“ఈమధ్య పిల్లలు పెట్టడం లేదేమిటి?” అని అడిగారు అధ్యక్షులవారు, పదిమంది ముందు. “నీళ్ళలో మునుపటి బలం లేదు,” అన్నారు ఆ పదిమంది. లెక్కల మేడమ్ మాత్రం నిట్టూర్చింది. అందులో ఎంత విచారముందో, ఎంత ఊరట ఉందో చెప్పడం కష్టం.

అయితేనేం, కీర్తి అనేది ఒకసారి బయల్దేరాక కారణాన్ని వెంటబెట్టుకుని తిరగదు. తర్వాతి సమావేశంలో అధ్యక్షులవారు లేచి ఇంకో ప్రకటన చేశారు. భవనం వెనక తాగునీటి ఫిల్టరు ఉంది. మనిషెత్తు ఉక్కు పీపా, లోపల కంకర, ఇసుక, బొగ్గు. అన్ని వంటిళ్ళకూ తాగే నీళ్ళు అందులోంచే వస్తాయి. దాన్ని ఇకమీదట చేపల సంతతిని వృద్ధి చేసిన చేతులకే అప్పగిస్తున్నాం.

ఇంజనీరుగారు లేచి నిలబడ్డారు.  చేపల విషయంలో అబద్ధమాడితే చేపలు పోయాయి. ఇక్కడ తాగేది మనుషులు. పసిపిల్లలు.

“నేనొక మాట చెప్పాలి,” అన్నారు. “నాకు ఫిల్టర్ల సంగతి తెలియదు. నేను గోదాములో పనిచేశాను. మొదట సర్దినప్పుడు తలకిందులుగా సర్దాను. చేపలు పిల్లలు పెట్టలేదు. చచ్చిపోయాయి. నేను దుకాణంలో కొని...”

“చూశారా, ఎంత వినయమో,” అని అధ్యక్షులవారు గభాల్న లేచి చప్పట్లు మొదలుపెట్టారు.

“నిండుకుండ తొణకదు,” అని లెక్కల మేడమ్ ఇంకా గట్టిగా కొట్టింది.

“నిజమండీ, ఆ దుకాణంలో నాతోపాటు...”

ఆ పైన వినపడలేదు. చప్పట్లు అంత జోరుగా ఉన్నాయి. ఆ వారమే ఆయనకు సన్మానం చేసి, చేప బొమ్మ చెక్కిన గాజు పలక ఒకటి చేతిలో పెట్టారు.

అప్పుడిక ఆయన చేసింది ఒక్కటే. నేర్చుకున్నారు. పీపా మూత తీయించి, నీళ్ళు ఎటునుంచి వచ్చి ఎటు పోతున్నాయో గంటలకొద్దీ నిలబడి చూశారు. తెలియనిచోట తెలిసినవాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళి, “నాకు తెలియదు, చెప్పండి,” అని అడిగారు. ఆ మాట ఇప్పుడాయనకు అలవాటైపోయింది. ఇసుక కడిగించారు. కంకర సైజు వారీగా వేరు చేయించారు. సైజు వారీగా సర్దడం మాత్రం ఆయనకు వేరే ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. పాత బొగ్గు తీయించి కొత్తది పోయించారు. నీళ్ళు పరీక్షకు పంపితే భేషుగ్గా ఉన్నాయన్నారు. మొదటి గ్లాసు ఆయనే తాగారు. తన చేతుల మీదుగా వచ్చిన నీళ్ళు. ఎంత తియ్యగా ఉన్నాయో చెబుదామని చుట్టూ చూస్తే ఎవరూ లేరు.

మర్నాటి ఉదయం లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి లోపల నిలబడటానికి చోటు లేదు. నీలం రంగు నీళ్ళ డబ్బాలు, సీలు వేసినవి, కిందనుంచి పైదాకా పేర్చి ఉన్నాయి. వాటి వెనకనుంచి ఒక మొహం తొంగిచూసింది.

“మెట్ల మీదుగా వెళ్ళండి సార్, ఏమనుకోకండి,” అన్నాడు డబ్బాలవాడు. “మీ బిల్డింగుకి కొత్తగా వేస్తున్నాం. ఒక్కసారిగా ఇన్ని ఆర్డర్లొచ్చేసరికి ఊపిరాడటం లేదు.”

“ఎవరెవరికి?”

“మొదట ప్రెసిడెంటుగారికి. తర్వాత లెక్కలు చెప్పే మేడమ్‌గారికి. వాళ్ళను చూసి అందరికీ.”

“ఎప్పటినుంచి?”

డబ్బాలవాడు కాస్త ఆలోచించాడు. “ఇక్కడెవరికో సన్మానం జరిగిందంట కదా సార్. ఆ మర్నాటినుంచి.”

ఇంజనీరుగారు మెట్లవైపు తిరిగారు.

“మీ ఇంటి డబ్బా ఇందాకే ఇచ్చేశాను సార్,” అన్నాడు వెనకనుంచి వాడు. “అమ్మగారు వెనక తలుపు దగ్గర పెట్టమన్నారు.”

ఆయన దిగబోయినవారల్లా వెనక్కి తిరిగి ఇంట్లోకి వచ్చారు. వంటింట్లో, గ్యాసుబండ పక్కన, పాత దుప్పటి కప్పిన ఆకారం ఒకటి ఉంది. దుప్పటి తీశారు. భార్య కూరగాయలు తరుగుతున్నదల్లా ఆపి తల దించుకుంది.

“నువ్వు కూడానా?” అన్నారాయన. “దూది ఏ రంగులో ఉందో పక్కన కూర్చుని చూసినదానివి. ఈసారి నేను నిజంగా నేర్చుకుని చేశానే.”

“తెలుసండీ.”

“నీళ్ళు పరీక్ష చేయించాను.”

“అదీ తెలుసు. మీ మీద నమ్మకం లేక కాదండీ,” అంది ఆవిడ చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ. “పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ మీ గొప్ప నలుగురికీ చెప్పుకోవాలి కదా. దానికి ఒంట్లో ఓపిక ఉండాలి. కడుపు పాడు చేసుకుని ఎక్కడ చెప్పను?”

ఇంజనీరుగారు దుప్పటి మడతపెట్టారు. కిటికీలోంచి వెనక పీపా కనిపిస్తోంది. దానిలోంచి నీళ్ళు పడుతున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది. భవనంలో ఆ నీళ్ళు తాగేది ఆయనొక్కరే.

“అది కాస్త ఎత్తి బల్ల మీద పెట్టరూ,” అంది భార్య. “నాకు నడుం పట్టేసింది.”

ఆయన వంగి డబ్బా ఎత్తి బల్ల మీద పెట్టారు. తర్వాత గ్లాసు తీసుకుని కుళాయి దగ్గరకు వెళ్ళారు.